కోసింది మిషన్, వంగింది ఎవరు?

(గ్రంథాలయ వారోత్సవాల్లో భాగంగా ఒక శాఖా గ్రంథాలయంలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. కోతల రోజుల్లో మీటింగ్ పెడితే ఎవరొస్తారోనని నిర్వాహకులు కాస్త టెన్షన్ పడ్డారు. పొలం నుంచి నేరుగా వచ్చినవాళ్లు కూడా కనిపిస్తున్నారు, చాలా సంతోషం. వెనక నిలబడ్డ డ్రైవర్ తమ్ముళ్లూ, ముందుకొచ్చి కూర్చోండి. ఇవాళ మాట్లాడేది మీరు నడిపే బండి తాతముత్తాతల గురించే.

పోటీ పరీక్షల గైడ్లలో ఇది ఒక్క ముక్కలో ఉంటుంది. కోత యంత్రం కనిపెట్టింది ఎవరు? సైరస్ మెకార్మిక్. ఎప్పుడు? 1831. ఎక్కడ? అమెరికా. మార్కు వస్తుంది కాబట్టి పిల్లలు అదే రాయండి. కానీ వ్యవసాయ యంత్రాల పాఠం చెప్పిన మనిషిగా నాకు ఆ జవాబు చాలదు. కోత అంటే కోయడం ఒక్కటేనా? ఇక్కడున్న అమ్మలకి నేను చెప్పాలా! కోయాలి, పనలు వేయాలి, ఆరనివ్వాలి, కట్ట కట్టాలి, మోయాలి, కుప్ప వేయాలి, నూర్చాలి, తూర్పారబట్టాలి, బస్తాలకెత్తాలి. ఈ వరసలో ఒక్కో పని మిషన్ చేతికి వెళ్లినప్పుడల్లా బరువు తరవాతి పని చేసే మనిషి మీద పడింది. ఒక్కోసారి ఆ మనిషి ఆ పొలంలోనే కాదు, ఆ దేశంలోనే లేడు. ఈ చరిత్రని నేను ఆ వైపు నుంచి చూస్తాను.

ముందు గోధుమ సంగతి కొంచెం తెలియాలి, ఎందుకంటే ఈ మిషన్లన్నీ గోధుమ కోసం పుట్టినవే. గోధుమ పండాక రైతుకి ఉండే గడువు పది, పదిహేను రోజులు. ఆ తరవాత గింజ రాలిపోతుంది, వాన పడితే కంకిలోనే మొలకెత్తుతుంది. మామూలు కొడవలితో మనిషి రోజంతా వంగి కోసినా ఎకరం కూడా తెగదు. పొడుగు పిడి కొడవలికి చెక్క వేళ్ల చట్రం బిగించి అమెరికావాళ్లు నిలబడి కోసేవాళ్లు. దానితో బలమైన మనిషి రెండెకరాలు, మహా అయితే ఇంకొంచెం. నాగలితో ఎంతైనా దున్నొచ్చు, ఎంతైనా చల్లొచ్చు. ఆ పది రోజుల్లో ఎంత కోయగలరో అంతకు మించి వేసుకుంటే పంట నేలపాలు. భూమి ఎంత ఉన్నా, కోతకి దొరికే చేతులే సాగుకి హద్దు.

ఈ హద్దు దాటాలని మొదట ప్రయత్నించింది అమెరికావాళ్లు కాదు, ఇంగ్లండువాళ్లూ కాదు. రెండు వేల ఏళ్ల కిందట గాల్ దేశంలో, అంటే ఇప్పటి ఫ్రాన్స్, బెల్జియం ప్రాంతంలో, పెద్ద పెద్ద భూస్వాముల పొలాల్లో ఒక బండి నడిచేది. ప్లినీ అనే రోమన్ రచయిత క్రీస్తుశకం మొదటి శతాబ్దంలో దాని గురించి రాశాడు. తరవాత పల్లాడియస్ అనే ఇంకొకాయన ఇంకాస్త వివరంగా రాశాడు. రెండు చక్రాల పెట్టె, దాని ముందు అంచున వరసగా పళ్లు. పశువుని ముందు కట్టరు, వెనక కడతారు. అది బండిని చేలోకి తోసుకుంటూ పోతుంది. కంకులు పళ్ల మధ్య చిక్కి, తెగి పెట్టెలో పడతాయి. గడ్డి చేలోనే నిలబడి ఉంటుంది. చాలాకాలం ఇదంతా కట్టుకథేమో అనుకున్నవాళ్లు కూడా ఉన్నారు. 1958లో బెల్జియంలోని బ్యూజెనోల్ దగ్గర ఆ బండి చెక్కిన రాయి దొరికింది. పళ్లు, చక్రం, పక్కన మనిషి అన్నీ కనిపిస్తాయి.

పల్లాడియస్ రాసినదాంట్లో ఒక్క మాట మన రైతులు వినాలి. నేల చదునుగా ఉన్నచోట, గడ్డితో అవసరం లేనిచోట ఈ బండి పనికొస్తుంది అన్నాడు. గడ్డితో అవసరం లేనిచోట! పశువులున్న చిన్న రైతుకి గింజతో పాటు గడ్డి కూడా పంటే. ఆ బండి పెద్ద కమతాలవాడిది. రోమన్ సామ్రాజ్యంతో పాటే అది కనుమరుగైంది. అంత పెద్ద పొలాలు, అలా గడ్డి వదిలేసుకోగల యజమానులు పోయాక దానికి చోటు లేకపోయిందని నా అభిప్రాయం.

అదే ఆలోచన 1843లో దక్షిణ ఆస్ట్రేలియాలో మళ్లీ లేచింది. అడిలైడ్ దగ్గర పిండి మర నడిపే జాన్ రిడ్లీ, కంకులు మాత్రమే దూసుకునే బండి చేశాడు. గాల్ బండి వర్ణన చదివే తనకి ఆ ఆలోచన వచ్చిందని ఆయనే ఒప్పుకున్నాడు. దువ్వెన లాంటి పళ్లు, వాటి వెనక గిర్రున తిరిగే రెక్కలు. రెక్కలు కంకిని కొట్టగానే గింజ రాలి పెట్టెలో పడుతుంది. ఆ ఆలోచన తనదేనని జాన్ రాథాల్ బుల్ అనే రైతు కూడా అన్నాడు, ఆ తగాదా ఏళ్ల తరబడి నడిచింది. రిడ్లీ పేటెంట్ తీసుకోలేదు, ఎవరైనా చేసుకోండి అని వదిలేశాడు. అక్కడి ఎండకి కంకి పెళుసుబారి ఉంటుంది కాబట్టి ఆ మిషన్ ఆడింది. తేమ ఎక్కువున్న ఇంగ్లండులో ఆడదు. ఈ సంగతి గుర్తుంచుకోండి, మన వరి దగ్గర మళ్లీ పనికొస్తుంది. 1980ల్లో ఇంగ్లండులోని సిల్సో పరిశోధన కేంద్రంలో కంకులు దూసే పద్ధతినే కొత్తగా రూపొందించి కంబైన్, అంటే కోత, నూర్పిడి ఒకేసారి చేసే మిషన్, ముందు బిగించారు. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ దాన్ని చిన్న వరి మిషన్‌కి మలిచింది. మంచి ఆలోచన చచ్చిపోదు, అనువైన నేల దొరికేదాకా కాచుకుని ఉంటుంది.

ఇప్పుడు స్కాట్లండ్ వెళ్దాం. నాకు ఈ చరిత్రలో అందరికంటే ఇష్టమైన మనిషి అక్కడున్నాడు. పేరు పాట్రిక్ బెల్. రైతు బిడ్డ. సెయింట్ ఆండ్రూస్‌లో మత బోధకుడు కావడానికి చదువుతున్నాడు. చిన్నప్పటి నుంచీ కోతల్లో మనుషులు పడే అవస్థ చూశాడు. ఒకరోజు తోటలో కంచె కత్తిరించే పెద్ద కత్తెర కనిపించింది. కొడవలి ఊపు మీద కోస్తుంది, ఆ ఊపు యంత్రానికి నేర్పడం కష్టం. కత్తెరకి ఊపు అక్కర్లేదు, రెండు అంచుల మధ్య పడ్డదాన్ని కోస్తుంది. వరసగా కత్తెరలు పెట్టి చక్రంతో ఆడిస్తే? 1827లో కొట్టం తలుపులు వేసుకుని, నేల మీద మట్టి పరిచి, గడ్డి పరకలు ఒక్కొక్కటీ చేలో నిలబడ్డట్టు నాటి, బండిని తానే తోసి చూశాడు. ఒక్క క్షణం ఆలోచించండి. ఎవరి కంటా పడకుండా, తలుపులు మూసిన కొట్టంలో, దొంగచేను నాటుకున్నాడు ఆ కుర్రాడు.

పరకలన్నీ చక్కగా తెగాయి. కానీ తెగినవి ఎక్కడివక్కడ చిందరవందరగా పడిపోయాయి. అలా పడితే వాటిని ఏరి కట్ట కట్టడానికి కోతకంటే ఎక్కువ కష్టపడాలి. ఇక్కడే బెల్ గొప్పతనం. కోయడం అయిపోయింది కదా, మిగతాది కూలీలు చూసుకుంటారులే అనుకోలేదు. తెగిన పైరు ఒక పక్కకి వరసగా పడేలా, కత్తెరల వెనక వాలుగా తిరిగే గుడ్డ పట్టీ పెట్టాడు. తరవాత రాత్రి పదకొండు గంటలప్పుడు, ఊరు నిద్రపోయాక, తోడబుట్టిన జార్జితో కలిసి ఒక గుర్రాన్ని కట్టి చేలోకి తీసుకెళ్లాడు. ఆడింది. 1828లో నలుగురి ముందూ చూపించాడు. గంటకి దాదాపు ఎకరం. హైలాండ్ సొసైటీ అనే అక్కడి వ్యవసాయ సంఘం 50 పౌండ్ల బహుమతి ఇచ్చింది. పేటెంట్ తీసుకోలేదు, లోకానికి పనికొస్తే చాలన్నాడు. చర్చిలో బోధకుడిగా స్థిరపడి, చివరిదాకా అదే పనిలో ఉన్నాడు. 1868లో, చనిపోవడానికి ఏడాది ముందు, రైతులు చందాలు పోగుచేసి 1000 పౌండ్లు సమర్పించారు.

పేటెంట్ లేకపోవడం వల్ల ఒక నష్టం కూడా జరిగింది. ఊళ్లో కమ్మరులు తలా ఒక రకంగా చేశారు, చాలావాటికి పనితనం లేదు. బాగు చేసేవాడు లేక మిషన్లు మూలపడ్డాయి. మంచి మనసు ఒక్కటే సరిపోలేదు, విడిభాగం దొరికే ఏర్పాటు కూడా కావాలి.

ఆ ఏర్పాటు చేసింది అమెరికా. అక్కడ ఇద్దరు పోటీదారులు. ఒకరు ఓబెడ్ హస్సీ, ఒకప్పుడు తిమింగలాల వేట ఓడలో పనిచేసినవాడు. 1833 డిసెంబరు 31న ఆయనకి పేటెంట్ వచ్చింది. రెండోవాడు మనకి తెలిసిన సైరస్ మెకార్మిక్, వర్జీనియాలో రైతు కొడుకు. తండ్రి రాబర్ట్ ఏళ్ల తరబడి కోత యంత్రం చేయబోయి వదిలేశాడు. కొడుకు 1831లో చేసి చూపించాడు, పేటెంట్ మాత్రం 1834 జూన్‌లో, అంటే హస్సీ తరవాత. ఆ 1831 మిషన్ చేసినప్పుడు కొడుకు పక్కన పనిచేసిన మనిషి జో ఆండర్సన్. మెకార్మిక్ కుటుంబానికి బానిస. కొలిమి దగ్గరా, చేలోనూ ఆయన చెయ్యి ఉంది. పేటెంట్ కాగితంలో పేరు లేదు. గైడ్లలో జవాబు ఒక్క ముక్క అన్నాను కదా, ఆ ఒక్క ముక్కలో జో ఆండర్సన్‌కి చోటు లేదు. అది నాకు బాధ కలిగించే విషయం.

యంత్రం లోపల ఏముందో డ్రైవర్ తమ్ముళ్లకి చెప్పాలి. మీ కంబైన్ ముందు భాగంలో కోసే కడ్డీ చూడండి. త్రికోణపు బ్లేళ్లు ఒక కడ్డీకి రివెట్లు కొట్టి ఉంటాయి, అవి ఇనప వేళ్ల చీలికల మధ్య అటూ ఇటూ ఆడతాయి. సెలూన్‌లో జుట్టు తీసే ట్రిమ్మర్‌ది కూడా ఇదే పద్ధతి. వేళ్లు పరకని కదలకుండా పట్టుకుంటాయి, బ్లేడు వచ్చి కోస్తుంది. ఆ వేళ్లూ బ్లేళ్లూ హస్సీ దారి. పైరుని కడ్డీ మీదకి వంచే చక్రం, కోసేదాన్నీ కోయనిదాన్నీ విడదీసే పక్క కొమ్ము, తెగిన పైరు పడే బల్ల, ఒకటే పెద్ద చక్రం నుంచి అన్నిటికీ కదలిక, ఇవన్నీ ఒకచోట కుదిర్చింది మెకార్మిక్. నేటి మిషన్‌లో ఇద్దరూ ఉన్నారు. కోర్టుల్లో జీవితాంతం కొట్లాడుకున్నారు కానీ మీ బండిలో పక్కపక్కనే పనిచేస్తున్నారు. హస్సీ చివర కూడా చెప్పాలి. 1860లో రైలు ఒక స్టేషన్‌లో ఆగినప్పుడు ఒక పసిపిల్ల దాహమంటే నీళ్లు తేవడానికి దిగాడు. తిరిగి ఎక్కబోతూ చక్రాల కింద పడి చనిపోయాడు.

మెకార్మిక్ గెలిచింది చేలో కాదు, అంగడిలో. 1842లో ఏడు మిషన్లు అమ్మాడు, 1844లో యాభై. 1847లో చికాగో వెళ్లి ఫ్యాక్టరీ పెట్టాడు. రైలు అక్కడికే రాబోతోంది, దాని వెనక ఇల్లినాయి, అయోవా గోధుమ నేలలు. కొంత ముందు కట్టండి, మిగతాది పంట అమ్మాక కట్టండి అన్నాడు. ఊరూరా ఏజెంటు, ఆ ఏజెంటు దగ్గర విడిభాగాలు, ఆడకపోతే డబ్బు వాపసు అని రాసిన హామీ. 1851లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్ ప్రదర్శనలో పెట్టినప్పుడు అక్కడి పత్రిక ఎగతాళి చేసింది. టిప్ట్రీ అనే చోట తడిసిన పచ్చి గోధుమ చేలో పరీక్ష పెట్టగానే నోళ్లు మూతపడ్డాయి, పెద్ద పతకం ఇచ్చారు. స్కాట్లండ్ వెనకబడి, ఇరవై ఏళ్ల కిందటే తన ఇంట్లో పుట్టిన వస్తువుని అమెరికా నుంచి కొనుక్కుంది.

ఇక అసలు ప్రశ్న. మిషన్ కోస్తోంది సరే, వంగింది ఎవరు?

మొదటి మిషన్లలో పైరు తెగి బల్ల మీద పడేది. ఒక మనిషి పక్కనే నడుస్తూ దంతెతో దాన్ని కిందకి లాగాలి. గుర్రాలు ఆగవు, అతనూ ఆగకూడదు. మిషన్ రోజుకి పది, పన్నెండు ఎకరాలు పడేస్తుంది. వెనక అయిదారుగురు వంగి ఆ పైరుని కట్టలు కట్టుకుంటూ పోవాలి. మిషన్ మళ్లీ ఆ చాలు దగ్గరికి వచ్చేలోపు దారి ఖాళీ చేయాలి. ఇంతకుముందు మనిషి తన ఊపిరి కొలతలో పనిచేసేవాడు. ఇప్పుడు గుర్రం నడకే కొలత. కోసేవాడి నడుముకి విశ్రాంతి వచ్చింది, కట్టేవాడి నడుము విరిగింది.

ఆ కట్టేవాళ్లలోంచే జవాబు వచ్చింది. ఇల్లినాయిలో మార్ష్ అన్నదమ్ములు ఇద్దరు, 1858లో వాళ్లకి పేటెంట్ వచ్చింది. పైరుని గుడ్డ పట్టీ మీద పైకెత్తి, నడుమెత్తు బల్ల మీదకి తెచ్చారు. ఇద్దరు మనుషులు బండి మీదే నిలబడి కట్టలు కడతారు. వంగక్కర్లేదు, నడవక్కర్లేదు. ఈ చరిత్ర మొత్తంలో పనిచేసే మనిషి నడుము గురించి ఆలోచించి చేసిన మార్పు ఇదేనని నేననుకుంటాను. ఇది ఎక్కువకాలం నిలవలేదు. 1870ల్లో తీగతో దానంతటదే కట్టే మిషన్లు వచ్చాయి. తీగ ముక్కలు గడ్డిలో కలిసి పశువుల కడుపులోకి వెళ్తాయని రైతులకి భయం. పిండిమరల వాళ్లకీ అదే గొడవ.

అప్పుడు విస్కాన్సిన్‌కి చెందిన జాన్ యాపిల్‌బీ నారతాడుతో ముడి వేసే యంత్రం తెచ్చాడు, 1878లో. దాన్ని చూస్తే ఇప్పటికీ ఆశ్చర్యమే. తాడు కట్ట చుట్టూ తిరిగి వస్తుంది, చిన్న ఇనప ముక్కు ఒక్క చుట్టు తిరిగి నోరు తెరిచి తాడు కొసల్ని పట్టుకుంటుంది, కత్తి తెంపుతుంది, కట్ట జారిపోతూ ముడిని బిగించేస్తుంది. చదరపు గడ్డి కట్టలు కట్టే మిషన్లలో ఇప్పటికీ అదే సూత్రం. నలుగురైదుగురి పని ఒక వేలెడంత ఇనప ముక్క చేసింది.

మరి ఆ తాడు ఎక్కడిది? మెక్సికోలో యూకటాన్ అనే ప్రాంతం. మన కిత్తనార జాతి మొక్క, హెనెకెన్ అంటారు. అమెరికా గోధుమ చేలకి తాడు కావాలి కాబట్టి అక్కడ ఊళ్లకి ఊళ్లు కిత్తనార తోటలైపోయాయి. ఆ ముళ్ల ఆకుల్ని కోసింది మాయా జాతి జనం. అప్పు కట్టేదాకా తోట వదిలి వెళ్లడానికి లేదు, అప్పు ఎప్పటికీ తీరదు. వెట్టిచాకిరీ అంటే ఏమిటో తెలంగాణలో పెద్దవాళ్లని అడగండి, యూకటాన్ సంగతి వేరే చెప్పక్కర్లేదు. అమెరికాలోని కాన్సాస్‌లో కట్టలు కట్టే కూలీ నడుము నిటారైంది, యూకటాన్‌లో ఇంకొకడి నడుము వంగింది. 1902లో మెకార్మిక్, దాని పోటీదారు డీరింగ్ కంపెనీలూ మరికొన్నీ కలిసి ఇంటర్నేషనల్ హార్వెస్టర్ అయ్యాయి. అదే ఏడాది ఆ కంపెనీ యూకటాన్‌లో పలుకుబడి ఉన్న ఒలెగారియో మోలినా వ్యాపార సంస్థతో ఒప్పందం చేసుకుని నార ధర దించేలా చూసింది.

చికాగో ఫ్యాక్టరీ కథ మీకు సగం తెలుసు, తెలుసని తెలియదు అంతే. ఇనుము పోతపోసే కార్మికులు అక్కడ గట్టి సంఘం పెట్టుకుని 1885లో సమ్మె చేసి గెలిచారు. యాజమాన్యం గాలి ఒత్తిడితో నడిచే పోత యంత్రాలు తెచ్చి వాళ్లని పక్కకి నెట్టింది. 1886 ఫిబ్రవరిలో లాకౌట్. మే నెల మొదట్లో దేశమంతా ఎనిమిది గంటల పని కోసం సమ్మెలు నడుస్తుంటే, మే 3న మెకార్మిక్ ఫ్యాక్టరీ గేటు దగ్గర పోలీసులు కాల్పులు జరిపారు. కార్మికులు చనిపోయారు. దానికి నిరసనగా మర్నాడు పెట్టిన సభే, మేడే కథకి మూలమైన హేమార్కెట్ సభ. మనం మే 1న జెండా ఎగరేసి, మేడే చికాగోలో పుట్టింది అని చెప్పుకుంటాం. ఆ కాల్పులు జరిగింది కోత మిషన్ల ఫ్యాక్టరీ గేటు ముందు. వ్యవసాయ కార్మిక సంఘాల సభల్లో కూడా ఈ ముక్క ఎవరూ చెప్పగా నేను వినలేదు. చెప్పాలి.

కోత, నూర్పిడి రెండూ ఒకే బండిలో పెట్టిన కంబైన్ గురించి తొందరగా చెప్తాను. మిషిగన్‌లో హైరమ్ మూర్ 1836లోనే పేటెంట్ తీసుకున్నాడు. పదహారు, ఇరవై గుర్రాలు లాగాలి. యంత్రం బాగానే ఉంది, కానీ మిషిగన్‌లో తేమ ఎక్కువ. నిలబడ్డ పైరులో గింజ పూర్తిగా ఆరదు, కోసి వెంటనే నూర్చితే ముక్కిపోతుంది. 1854లో ఒక మిషన్‌ని కాలిఫోర్నియా పంపితే అక్కడ ఎండకి గింజ చేలోనే కరకరలాడుతోంది, ఒక్క సీజన్లో 600 ఎకరాలు కోసింది. యంత్రం అదే, నేల మారింది.

ఇప్పుడు మన వరి దగ్గరికి రండి. మన పాత పద్ధతిలో కోసిన పైరు పనల మీద కొన్ని రోజులు ఆరేది, కుప్పలో ఇంకొన్నాళ్లు. ఆరబెట్టడం అని ప్రత్యేకంగా ఒక పని ఉండేది కాదు, ఎండా గాలీ చేసి పెట్టేవి. కంబైన్ వచ్చి ఒక్క పూటలో కోసి, నూర్చి, ట్రాక్టర్లో పోస్తుంది. గింజలో తేమ 20, 25 శాతం. కొనుగోలు కేంద్రంలో 17 శాతం దాటకూడదు. ఆ తేడా ఎవరు తీర్చాలి? రైతు, రైతు భార్య, ముసలి తల్లి. రోడ్డు మీద పరదా పరిచి, పొద్దున ఎగదోసి, మధ్యాహ్నం కాలితో తిరగదోసి, మబ్బు పట్టగానే పరిగెత్తి కుప్ప చేసి, రాత్రి కాపలా పడుకోవడం. ఆ రోడ్డు మీద రాత్రిళ్లు బైకులు ఆ కుప్పలకి గుద్దుకుని మనుషులు పోతున్నారు. మిషన్‌ని తిట్టడం కాదు నా ఉద్దేశం. మిషన్ రెండు పనుల్ని కలిపేసినప్పుడు, అంతకుముందు ఉచితంగా జరిగిపోయిన ఇంకో పని బయటపడింది. దానికి యంత్రం లేదు, ఉన్నచోట అందరికీ అందదు. మండలానికి రెండో మూడో డ్రయ్యర్లు లేకుండా వందల కంబైన్లు తిరగడం అంటే, బెల్ ఆ కొట్టంలో మొదటిరోజు చూసిన చిందరవందరని మనం రోడ్ల మీద చూస్తున్నామన్నమాట. ఆయన ఆ తరవాత గుడ్డ పట్టీ పెట్టాడు. మనం ఇంకా పెట్టలేదు.

కూలీల సంగతి. వరి కోత మన దగ్గర చాలావరకు ఆడవాళ్ల పని. ఇళ్లల్లో ఏడాదికి సరిపడా గింజలు కోతల్లోనే వచ్చేవి. కూలీ గింజలు, ఆ తరవాత పరిగ ఏరుకోవడం. మిషన్ మీద డ్రైవర్ మగవాడే, హెల్పర్ మగవాడే, ఒక్కోసారి పంజాబ్ నుంచి బండితో పాటే వచ్చినవాడు. నాట్లూ కలుపూ ఆడవాళ్లకి మిగిలాయి, కోత పోయింది. ఊళ్లో కూలీలు దొరక్కే మిషన్ తెచ్చామని రైతు అంటాడు, అది నిజం. మిషన్ వచ్చాక కోత కూలీ లేదని ఆమె అంటుంది, అదీ నిజమే. రెండు నిజాలూ ఒకే ఊళ్లో ఉన్నాయి, ఒకరి మీద ఒకరు విరుచుకుపడితే లాభం లేదు.

నేను చెప్పదల్చుకున్నది అయింది. ఎవరైనా అడగాలంటే అడగండి.

(ఒక మహిళా కూలీ: మిషన్లు రాకుండా ఆపడం ఎక్కడా జరగలేదా అయ్యా?)

ఆపడానికి ప్రయత్నించారమ్మా. 1830లో దక్షిణ ఇంగ్లండులో. అక్కడ కోత మిషన్ కంటే ముందు నూర్పిడి మిషన్ వచ్చింది, ఆండ్రూ మీకిల్ అనే స్కాట్లండ్ ఆయన 1786లో చేసింది. చలికాలమంతా కొట్టాల్లో కర్రలతో బాది నూర్చడమే కూలీలకి ఆధారం. అది పోయేసరికి ఊరూరా తిరిగి నూర్పిడి మిషన్లు పగలగొట్టారు. 19 మందిని ఉరితీశారు, దాదాపు 500 మందిని ఓడలెక్కించి ఆస్ట్రేలియా పంపేశారు. చాలాచోట్ల కొన్నేళ్లపాటు మిషన్లు మళ్లీ రాలేదు, కానీ చివరికి వచ్చాయి. ఇంకో దారి ఆస్ట్రేలియాలోనే కనిపించింది. హెచ్.వి. మెకే అనే ఆయన సన్‌షైన్ పేరుతో కోత మిషన్లు చేసేవాడు. బయటి మిషన్ల మీద ప్రభుత్వం సుంకం వేసింది. మీ కార్మికులకి న్యాయమైన జీతం ఇస్తేనే మీ మిషన్ల మీద పన్ను మినహాయిస్తాం అంది. న్యాయమైన జీతం అంటే ఎంత అని 1907లో కోర్టులో తేలాల్సి వచ్చింది. జడ్జి హిగ్గిన్స్ కార్మికుల ఇళ్లలో అద్దె ఎంత, తిండికి ఎంత, కట్టెలకి ఎంత అని సాక్ష్యం తీసుకున్నాడు, ఆడవాళ్లు వచ్చి లెక్క చెప్పారు. ఇల్లు గడవాలంటే రోజుకి ఏడు షిల్లింగులు ఉండాలని తీర్పు. మరుసటి ఏడాది పై కోర్టు ఆ చట్టాన్నే కొట్టేసింది, అయినా ఆ కొలత ఆ దేశంలో దశాబ్దాలు నిలిచింది. అంటే, మిషన్‌కి ప్రభుత్వ సాయం ఇచ్చేటప్పుడు కూలీ సంగతి కూడా అందులో రాయించుకోవచ్చు. మన దగ్గర సబ్సిడీ కాగితంలో అలాంటి లైను లేదు. నీ ప్రశ్న గ్రామసభలో కూడా అడగమ్మా.

(ఒక రైతు: గడ్డి నలిగిపోకుండా కోసే మిషన్ లేదా సార్? గేదెలు ఈ గడ్డి సరిగా తినట్లేదు.)

ఉందండి. జపాన్‌లో 1960ల్లో తయారైంది. మన కంబైన్ మొక్క మొత్తాన్ని లోపలికి లాగి బాదుతుంది, అందుకే గడ్డి నలిగి చెల్లాచెదురవుతుంది. జపాన్ దాంట్లో మొక్క మొదలుని గొలుసు గట్టిగా పట్టుకుని ఉంటుంది, వెన్ను వరకే డ్రమ్ములోకి వెళ్తుంది. గడ్డి పొడుగ్గా, నిటారుగా బయటికొస్తుంది, కావాలంటే కట్ట కట్టి వేస్తుంది. ఇబ్బందులున్నాయి. కోసే వెడల్పు తక్కువ, లోపల యంత్రాంగం ఎక్కువ, ధరా ఎక్కువే. పైగా అది గింజ గట్టిగా పట్టుకుని ఉండే జపాన్ రకాలకి తయారైంది, మన రకాల్లో గింజ తేలిగ్గా రాలుతుంది కాబట్టి గొలుసు పట్టులోనే కొంత పోతుంది. అద్దెకి దొరికితే ముందు అరెకరంలో కోయించి, మిషన్ వెళ్లిన దారిలో ఒక గజం చదరం కొలిచి రాలిన గింజలు ఏరి చూసుకోండి. ప్రస్తుతానికి మన దగ్గర అందుబాటులో ఉన్నది కంబైన్ వెనక గడ్డి చుట్టే మిషనే. దానికి పిలిచేముందు గడ్డి ఒకట్రెండు రోజులు ఆరనివ్వండి, తడిమీద చుడితే లోపల బూజు పడుతుంది, గేదెలు తిననిది ఎక్కువగా ఆ గడ్డే.